టేకుముల్లు, చిట్టమ్మ చెయ్యి

టీ గ్లాసుని జేబురుమాలు చుట్టి పట్టుకునే మగవాణ్ణి చూస్తే చిట్టమ్మకి ఒళ్ళు మండేది. సీతమ్మధార నుంచి రోజూ పొద్దున్నే స్కూటరు మీద వచ్చి, బీచ్ రోడ్డు మీద అటు నాలుగడుగులు ఇటు నాలుగడుగులు వేసి, కొండెక్కి దిగినంత ఆయాసంతో ఆమె బడ్డీ ముందు నిలబడే తిరుమలరావు సరిగ్గా అలాంటి మనిషి. ఇన్సూరెన్సు ఆఫీసులో ముప్ఫయ్యేళ్ళు కాగితాలు తిరగేసి రిటైరయ్యాడు. గ్లాసు చేతికివ్వగానే ‘అబ్బా’ అంటూ బల్ల మీద పెట్టేవాడు. రుమాలు తీసేవాడు, మడత పెట్టేవాడు, గ్లాసుకి చుట్టేవాడు, ఆ తర్వాత ఊదడం మొదలుపెట్టేవాడు. ఆయన మొదటి గుక్క తాగేలోపు పక్కనున్న జాలారి రెండో టీ తాగి బీడీ ముట్టించుకునేవాడు.

“ఏటి బావూ ఆ సేతులు. వెన్నముద్దలు తెచ్చి తగిలించినారేటి?” అని చిట్టమ్మ మొహం మీదే అనేది.

ఆయన నవ్వి ఊరుకునేవాడు. అలా నవ్వి ఊరుకునేవాళ్ళంటే ఆమెకి ఇంకా చులకన.

తన చేతులంటే మాత్రం చెప్పలేనంత గర్వం. ఏళ్ళ తరబడి మరిగే నీళ్ళలోంచి గ్లాసులు వేళ్ళతో తీసిన చేతులవి. పటకారు కొన్న పాపాన పోలేదు. కాగుతున్న పాలగిన్నెని కొంగైనా అడ్డం పెట్టుకోకుండా దించేసేది. అరచేతులు చెప్పు అట్టల్లా బిరుసెక్కిపోయాయి. ఎవరైనా చూసి నోరు తెరిస్తే, ఆ చేతుల్ని వాళ్ళ మొహం ముందు అటూ ఇటూ తిప్పి చూపించేది.

చిట్టమ్మది పొందూరు దగ్గర పల్లె. వరి నాటిన కుటుంబం. పోర్టులో కళాసీగా చేరిన వరహాలుని చేసుకుని మల్కాపురంలో ఒంటి గది కాపురానికి వచ్చింది. అక్కడ ఇమడలేక, ఓ చుట్టం మాట సాయంతో పెదజాలారిపేట పక్కకి మారి, సముద్రానికి ఎదురుగా టీ బడ్డీ పెట్టుకుంది. వరహాలు పోయి పదేళ్ళయింది. బడ్డీ ఉంది, సముద్రమూ ఉంది. సముద్రమంటే ఆమెకేమీ గౌరవం లేదు. ఇన్ని నీళ్ళు ఉండి ఏం లాభం, గుక్కెడు తాగడానికి లేదు, ఒక్క మడి తడపడానికి లేదు. దాన్ని చూడ్డానికి ఊళ్ళ నుంచి బస్సులు కట్టించుకుని వచ్చేవాళ్ళని చూస్తే ఆమెకి నవ్వొచ్చేది. ప్యాంట్లు మోకాళ్ళ దాకా మడిచి, ఫోను ఎత్తి పట్టుకుని, అల వస్తే కెవ్వుమని, అల పోతే మళ్ళీ కెవ్వుమని. అల రావడం, పోవడం తప్ప ఇంకేం చేస్తుందనుకున్నారో వాళ్ళు.

అలాంటి చిట్టమ్మకి సముద్రం వల్లే పేరొచ్చింది. టేకుముల్లు గుచ్చుకున్నవాళ్ళని ఆమె దగ్గరికే మోసుకొచ్చేవారు.

టేకు అంటే పళ్ళెంలా పల్చగా, ఇసక రంగులో ఉండే చేప. మోకాలి లోతు నీళ్ళలో, అడుగున, ఒంటి మీద కాస్త ఇసక కప్పుకుని పడుకుంటుంది. దానికి మనిషి మీద పగేమీ లేదు. తొక్కితే మాత్రం తోక విసురుతుంది. ఆ తోకకి రంపం పళ్ళున్న ముల్లు, ముల్లులో విషం. ప్రాణం పోవడం అరుదు గానీ, ఆ పోటుకి వలలు లాగే మొనగాళ్ళు కూడా ఇసకలో పొర్లి ఏడుస్తారు. అందుకే జాలారులు లోతు తక్కువ నీళ్ళలో కాలెత్తి వెయ్యరు. అడుగున ఇసకని తోసుకుంటూ, కాళ్ళు ఈడ్చుకుంటూ నడుస్తారు. ఆ కదలిక తగిలితే టేకు దానంతటది పక్కకి పోతుంది. చూసేవాళ్ళకి ముసలి నడకలా ఉంటుంది. చూసేవాళ్ళకేం, వాళ్ళ కాళ్ళా?

ఇరవయ్యేళ్ళ కిందట చలమయ్య అనే జాలారి వల లాగే తొందరలో టేకుని తొక్కాడు. ఒడ్డున పదిమంది మూగారు, పదిమందికీ పది వైద్యాలు. ఒకడు సున్నం పొగాకు కలిపి అద్దాడు. ఇంకొకడు కిరోసిన్ పోశాడు. మూడోవాడు వల తాడుతో పిక్కని బిగించి కట్టేశాడు, కాలు నల్లబడింది. పిల్లలకి చుక్కల మందు వెయ్యడానికి పేటకి వచ్చిన రోజారమణి అనే నర్సు ఆ గుంపుని తోసుకుని వచ్చి, ముందు తాడు విప్పించింది. గాయం కడిగించి, ముల్లు ముక్క పైకి కనిపిస్తే పట్టి లాగేసింది. వేణ్ణీళ్ళు ఎక్కడున్నాయని అడిగింది. చుట్టుపక్కల నీళ్ళు కాగుతున్నది చిట్టమ్మ బడ్డీలోనే.

“ఓర్చుకోగలిగినంత వేడి ఉండాలి. గంటసేపు కాలు అందులోనే ఉంచాలి, చల్లారుతుంటే వేడినీళ్ళు కలుపుతుండాలి. నొప్పి దిగిపోతుంది,” అని నర్సు ఆమెకి అప్పజెప్పింది. “తర్వాత ఆసుపత్రికి పంపి టీటీ ఇంజెక్షను చేయించండి. ముక్క లోపల మిగిలిందేమో ఫొటో తీసి చూస్తారు. ముల్లు పొట్టలోనో ఛాతీలోనో దిగితే మాత్రం లాగొద్దు, ఉన్నదాన్ని ఉన్నట్టే పంపెయ్యండి. ఇంకోటి. నీళ్ళ వేడి మీ చేత్తో చూడకండి. అతని బాగున్న కాలు ముందు పెట్టించండి. అది ఓర్చుకుంటేనే దెబ్బ తగిలిన కాలు. నొప్పిలో ఉన్న కాలికి వేడి సంగతి తెలీదు.”

చిట్టమ్మ అన్నీ బుద్ధిగా విని, చివరిది మాత్రం వదిలేసింది. నా చేతికి తెలీని వేడి ఈడి కాలికి తెలుస్తుందా, అనుకుంది. గ్లాసులు కడిగే టబ్బులో వేణ్ణీళ్ళు పోసి చెయ్యి ముంచింది, సరిపోయిందంది, చలమయ్య కాలు తీసుకెళ్ళి అందులో పెట్టింది. అరగంటకి వాడు టీ అడిగాడు.

ఆ రోజు నుంచి ఎన్ని కాళ్ళు ఆ టబ్బులో మునిగాయో. అన్నీ జాలారుల కాళ్ళే. ఎండలో కాలే ఇసక మీద చెప్పుల్లేకుండా పుట్టి పెరిగిన కాళ్ళవి, వాటికి చిట్టమ్మ వేడి ఒక లెక్కలోది కాదు. అందుకే ఇరవయ్యేళ్ళలో ఆమె చెయ్యి ఒక్కసారి కూడా తప్పు చెప్పినట్టు ఎవరికీ తెలియలేదు. ఆమెకి అసలే తెలియలేదు.

బయటివాడు ఒక్కడే వచ్చాడు, ఒకప్పుడు. సాఫ్ట్‌వేరు కుర్రాడు, స్నేహితులు భుజాల మీద మోసుకొచ్చారు. టబ్బులో కాలు పెట్టీపెట్టగానే కాలిపోయానని కేకలేసి, టబ్బు తన్నేసి, కుంటుకుంటూ కారెక్కి పోయాడు. ఆ కథ చిట్టమ్మకి ఆరు నెలలకి సరిపోయింది. వాడు అరిచినట్టు అరిచేది, తన్నినట్టు తన్నేది, కుంటినట్టు కుంటేది. బడ్డీ దగ్గర జనం పడీపడీ నవ్వేవారు. అందరికంటే ఎక్కువ నవ్వేది మనవరాలు జ్యోతిర్మయి.

జ్యోతిర్మయి కూతురి కూతురు. కూతురూ అల్లుడూ అచ్యుతాపురంలో ఫ్యాక్టరీ షిఫ్టుల్లో పడి ఉంటే, పిల్ల చదువు కోసం అమ్మమ్మ దగ్గరే పెరిగింది. అమ్మమ్మ దగ్గర పెరగడమంటే కొన్ని సంగతులు చెప్పకుండానే నేర్చుకోవడం. మోకాలు చెక్కుకుపోతే ఊదుకోకూడదు. జ్వరమొస్తే మూలగకూడదు. ఏడిస్తే చిట్టమ్మ కొట్టేది కాదు, తిట్టేది కూడా కాదు. అలాగే ఏడ్చి చూపించేది, పక్కింటివాళ్ళ ముందు. ఒక్కసారి చూసిన పిల్ల రెండోసారి ఏడవదు.

ఆ పిల్ల ఇప్పుడు పోలీసు కానిస్టేబులు పరీక్ష మొదటి మెట్టు దాటింది. వాయిదాల మీద వాయిదాలు పడి, ఆఖరికి ‘ఈవెంట్స్’కి తేదీ వచ్చింది. పదహారు వందల మీటర్లు పరుగెత్తాలి. ఈ తేదీ తప్పితే మళ్ళీ నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో, అప్పటికి వయసు సరిపోతుందో లేదో. చిట్టమ్మ ఎవరితోనూ అనలేదు గానీ, ఖాకీ బట్టల్లో మనవరాలు బడ్డీ ముందు బండి దిగి టీ తాగడం మనసులో ఎన్నోసార్లు చూసేసుకుంది. మంచి బూట్లు కొనిపించింది. “కాళ్ళు జాగర్త, అవే నీ కూడు,” అని ఇంట్లో కూడా మేజోళ్ళు తియ్యనిచ్చేది కాదు. పిల్ల అరికాళ్ళు మెత్తగా, తెల్లగా తయారయ్యాయి.

శిక్షణ ఇచ్చేవాడు సాయిశంకర్. వాడి పేరు ఎత్తితే చాలు చిట్టమ్మ పెదవి వంకర తిరిగేది. రెండుసార్లు అదే పరీక్షకి వెళ్ళి రెండుసార్లూ పరుగులోనే పోయినవాడు. అలాంటివాడు మెడలో విజిలు, కళ్ళకి నల్లద్దాలు పెట్టుకుని, బీచిలో అకాడమీ అని బ్యానరు కట్టి, ఎనిమిదిమంది ఆడపిల్లలని పరుగెత్తించేవాడు. తను మాత్రం ఒక్క అడుగు పరుగెత్తేవాడు కాదు. సంచిలో నొప్పి స్ప్రే డబ్బా ఒకటి ఉండేది. పిక్క పట్టినా అదే, మెడ పట్టినా అదే, తల తిరిగినా దాదాపు అదే.

వాడికో కొత్త ఆలోచన వచ్చింది. పిల్లల్ని మోకాలి లోతు నీళ్ళలో నిలబెట్టి, మోకాళ్ళు ఛాతీకి తగిలేలా ఎత్తి ఎత్తి వెయ్యమన్నాడు. తొడలకి బలమట.

చిట్టమ్మ టీ గరిటె పట్టుకునే వెళ్ళింది.

“ఏటి సేత్తన్నావ్ నువ్వు? ఈ నీలల్లో కాలెత్తి ఎయ్యకూడదు. ఈడ్సుకుంటా నడవాల. అడుగున టేకులుంటాయి, తెల్దా?”

“మామ్మా, ఇది ట్రైనింగు. కాళ్ళు ఈడ్చుకుంటా పరిగెడితే సెలెక్టు చేత్తారేటి?” అన్నాడు వాడు నల్లద్దాలు సర్దుకుంటూ.

“పరిగెట్టించాలంటే ఇసక మీద పరిగెట్టించు. నీలల్లో ఎగరడానికి ఆ పిల్లలేటి కప్పలా?”

“మనది చాయ్ బిజినెస్ కదా మామ్మా, అది చూసుకో,” అన్నాడు. పిల్లల్లో ఒకరిద్దరు నవ్వారు. జ్యోతిర్మయి నవ్వలేదు, అమ్మమ్మ వైపు చూడనూ లేదు. చిట్టమ్మ మూడు రోజులు వరసగా వెళ్ళి ఇదే గొడవ పెట్టుకుంది. మూడు రోజులూ వాడు ఇదే జవాబు చెప్పాడు.

నాలుగో రోజు, ఈవెంట్స్‌కి ఇంకా తొమ్మిది రోజులుందనగా, నీళ్ళలో ఎగురుతున్న ఎనిమిదిమందిలో ఒకరు ఉన్నట్టుండి కూలబడ్డారు. అరుపు లేదు, అందుకే బడ్డీ దగ్గర ఎవరూ తల తిప్పలేదు. స్నేహితురాలి భుజం పట్టుకుని, ఒంటికాలి మీద గెంతుతూ, పెదవి పళ్ళ మధ్య నొక్కిపట్టి జ్యోతిర్మయి ఒడ్డుకి వచ్చింది. చీలమండ పక్క నుంచి రక్తం ధార కట్టింది. సాయిశంకర్ పరుగెత్తుకొచ్చి, ఇంకేం తోస్తుంది వాడికి, స్ప్రే డబ్బా తీసి గాయం మీద బుస్సుమని కొట్టాడు.

చిట్టమ్మ వాడి చేతిలోంచి డబ్బా లాగి సముద్రంలోకి విసిరేసింది.

ఆ తర్వాత ఆమె చేసిన పనిలో ఎవరూ వంక పెట్టలేరు. పిల్లని బల్ల మీద కూర్చోబెట్టింది. బిందెలో మంచినీళ్ళతో గాయం కడిగింది. ముల్లు ముక్కలేమైనా ఉన్నాయా అని వేళ్ళతో విప్పి చూసింది, లేవు. శుభ్రమైన గుడ్డ అదిమిపట్టి రక్తం ఆపింది. టబ్బులో నీళ్ళు పోసి, కెటిల్లోంచి మరిగే నీళ్ళు కలిపి, చెయ్యి ముంచి చూసింది. బాగుందనిపించింది. మనవరాలి కాలు ఎత్తి అందులో పెట్టింది.

పిల్ల ఒళ్ళంతా బిర్రబిగుసుకుపోయింది. వేళ్ళు బల్ల అంచుని పట్టుకున్నాయి.

“మండతందేటే?”

“నేదు,” అంది జ్యోతిర్మయి.

ఆ ఒక్క మాటకి చిట్టమ్మ ఎంత పొంగిపోయిందో. అక్కడ మూగినవాళ్ళందరి వైపూ తిరిగింది. ముఖ్యంగా సాయిశంకర్ వైపు. ఇక నలభై నిమిషాలు ఆమె నోటికి తెరిపి లేదు. వాడి విజిలుని తిట్టింది, అద్దాలని తిట్టింది, బ్యానరుని తిట్టింది. పరుగు పరీక్షలో రెండుసార్లు పోయినోడి దగ్గర పరుగు నేర్చుకునేవాళ్ళ తల్లిదండ్రుల్ని తిట్టింది. ఇరవయ్యేళ్ళుగా ఎంతమంది కాళ్ళు బాగుచేసిందీ పేరుపేరునా చెప్పింది. సాఫ్ట్‌వేరు కుర్రాడి కథ మళ్ళీ చెప్పింది, అరుపులతో సహా. మధ్యమధ్యలో చెయ్యి వెనక్కి చాపి కెటిల్ అందుకుని, టబ్బులోకి ఇంకాస్త ఒంపేది. ఒంపుతూ తిట్టేది. పిల్ల మొహం వైపు చూసే తీరికే లేకపోయింది.

“సూడరా, సూడు. నీలాటోడైతే ఈపాటికి ఊరంతా ఇనిపించేలా అరిసేవోడు. కుయ్‌మందేటి నా మనవరాలు? పోలీసంటే అదిరా,” అంది.

జేబురుమాలు చుట్టిన గ్లాసుతో ఓ పక్కన నిలబడ్డ తిరుమలరావు రెండడుగులు ముందుకొచ్చాడు.

“చిట్టమ్మా, నీళ్ళు మరీ పొగలొస్తున్నాయి. అమ్మాయి మొహం చూస్తే... ఒక్కసారి ఆ రెండో కాలు పెట్టించి చూస్తే మంచిదేమో.”

చిట్టమ్మ ఆయన్ని పై నుంచి కింది దాకా చూసింది. “రుమాలేటి, ఈ టబ్బుకి కూడా సుట్టమంటారా బావూ?”

అందరూ ఘొల్లుమన్నారు. ఆయన ఎప్పటిలాగే నవ్వి, వెనక్కి జరిగాడు. జ్యోతిర్మయి కూడా నవ్వడానికి ప్రయత్నించింది. చెమట చెంపల మీద నుంచి గడ్డం దాకా కారుతోంది.

కాలు బయటికి తీశాక మడమ నుంచి చీలమండ పై దాకా కుంకుమ రంగులో ఉంది. “రక్తం కదిలింది, ఇసం ఇరిగింది,” అని చిట్టమ్మ తేల్చేసింది. ముల్లు పోటు దిగిందా అంటే పిల్ల దిగిందనే చెప్పింది. అది నిజమే. బడ్డీని గంగాలమ్మ అనే పొరుగావిడకి అప్పజెప్పి, టీటీ ఇంజెక్షనుకని ఆటో కట్టించుకుని సీతమ్మధారలో ఓ క్లినిక్‌కి తీసుకెళ్ళింది. లైనులో కూర్చున్న గంటలో కాలు పొంగింది. నర్సు గుడ్డ విప్పేసరికి పాదమంతా బొబ్బలు.

డాక్టరు చిన్నపిల్ల. చిట్టమ్మ ఆమెని కూడా లోపలికి అడుగుపెడుతూనే తూకం వేసి, ఈ గుంటకేం తెలుసనుకుంది. ఆ డాక్టరు గాయం చూసింది, ఫొటో తీయించి లోపల ముక్కలేమీ లేవని చెప్పింది. బొబ్బలు చాలాసేపు చూసింది.

“టేకు గాయం చిన్నదే, పది రోజుల్లో మానుతుంది. మీరు చేసిన వైద్యం సరైందే. కానీ ఇది వేణ్ణీళ్ళ కాలు కాదమ్మా. కాలిన కాలు. నీళ్ళ వేడి ఎవరు చూశారు?”

“నానే సూసినాను. ఈ సేత్తోనే.”

డాక్టరు ఆ చెయ్యి తీసుకుని వెల్లకిలా తిప్పింది. అరచేతి మీద వేలితో మెల్లగా రాసింది. “ఇప్పుడు నేనేం చేస్తున్నానో తెలుస్తోందా మీకు?”

చిట్టమ్మ అరచేతి మీదకి వంగి చూసింది. ఏదో రాస్తున్నట్టు కంటికి కనిపిస్తోంది, అంతే.

“ఈ చేతికి తెలీదమ్మా,” అంది డాక్టరు. వెటకారం లేదు ఆ గొంతులో, ఉంటే బాగుండేది, చిట్టమ్మ దానికి జవాబు చెప్పగలిగేది. “ఆరు వారాలు ఈ కాలు నేల మీద బరువుగా మోపకూడదు. పరుగు మాట ఇప్పుడు ఎత్తకండి.”

తిరుగు ఆటోలో పిల్ల కాలు అమ్మమ్మ ఒళ్ళో ఉంది. ఆటో మద్దిలపాలెం దాటింది. చిట్టమ్మ లోపల సాయిశంకర్‌ని తిట్టుకుంటూనే ఉంది, కానీ ఆ తిట్లు ఎటు తిప్పినా ఒకచోట ఆగిపోతున్నాయి.

“మండినప్పుడు సెప్పాల కదే. నాను అడిగినాను కదా. ఎందుకు సెప్పలేదు?”

జ్యోతిర్మయి బయటికి చూస్తూ అంది. “సెప్తే ఏటవుద్దో నాకు తెల్దా అమ్మమ్మా. రేపటి నుంచి బడ్డీకాడ నాలాగ అరిసి సూపిస్తావు.”

కోపంతో అనలేదు ఆ పిల్ల. నీళ్ళు తడిగా ఉంటాయన్నట్టు అంది. చిట్టమ్మకి జీవితంలో మొదటిసారి సిగ్గేసింది. ఆ సిగ్గు ఎక్కడ దాచుకోవాలో తెలీక, పిల్ల కాలి మీద ఎండ పడకుండా కొంగు అడ్డం పట్టుకుని కూర్చుంది.

ఈవెంట్స్ రోజు రానే వచ్చింది. ఎనిమిదిమందిలో ఏడుగురు వెళ్ళారు, నలుగురు గట్టెక్కారు. మర్నాడు సాయిశంకర్ బడ్డీ దగ్గరికి మిఠాయి డబ్బాతో వచ్చాడు. వాడి సిగ్గులేనితనానికి చిట్టమ్మ ఒళ్ళు భగ్గుమంది.

“నా పిల్ల కాలు తీసేసినోడివి, నాకు మిఠాయెట్టొచ్చినావా?”

వాడు నల్లద్దాలు తీశాడు. “ముల్లు తొక్కించింది నేనే మామ్మా. నువ్వు మూడు రోజులు చెప్పినావు, వినలేదు. తప్పు నాదే. కాల్చింది మాత్రం నేను కాదు కదా.”

వాడిలాంటివాడి నోటి నుంచి నిజం వినాల్సి రావడం కంటే అవమానం ఏముంటుంది. డబ్బా బల్ల మీద పెట్టి వాడు వెళ్ళిపోయాడు. చిట్టమ్మ దాన్ని విసిరెయ్యలేదు, తెరవనూ లేదు. చీమలు పట్టాక గంగాలమ్మ తీసి పారేసింది.

జ్యోతిర్మయి కాలు రెండు నెలలకి మానింది. పాదం మీద చర్మం గులాబీ రంగులో, ముడతలు పడి, వేరేవాళ్ళ దగ్గర తెచ్చి అతికించినట్టు ఉంది. మళ్ళీ పరుగెత్తుతానంది. ఎప్పుడు, దేనికి, అని ఎవరూ అడగలేదు. పొద్దున్నపూట బడ్డీలో గ్లాసులు కడుగుతూ, బీచిలో పరుగెత్తేవాళ్ళని చూస్తూ కూర్చునేది. ఆ గ్లాసులు మరిగే నీళ్ళలోంచి తియ్యడానికి చిట్టమ్మ ఓ పటకారు కొంది. కొని, అక్కడ పెట్టి, తన పనిలో పడింది.

ఓ ఆదివారం పొద్దున్న ఒడ్డు నుంచి కేకలు వినిపించాయి. చలమయ్యని మోసుకొస్తున్నారు. ఇరవయ్యేళ్ళ కిందట తొక్కినవాడే, బుద్ధి లేకుండా మళ్ళీ తొక్కాడు. ఇప్పుడు అరవై దాటినవాడు, షుగరు కూడా ఉంది, అరికాళ్ళ స్పర్శ సరిగ్గా తెలీదని వాడే చెబుతాడు. చిట్టమ్మ వాణ్ణి కూర్చోబెట్టి, కడగాల్సింది కడిగి, తియ్యాల్సింది తీసి, టబ్బులో నీళ్ళు కలిపింది. అలవాటుగా చెయ్యి ముంచింది. చల్లగా ఉన్నట్టే అనిపించింది. ఇంకాస్త వేడి పడాలనిపించింది. చెయ్యి కెటిల్ దాకా వెళ్ళి ఆగింది.

తలెత్తి చూసింది. రుమాలు చుట్టిన గ్లాసుతో తిరుమలరావు ఎప్పటి చోటనే నిలబడి ఊదుకుంటున్నాడు.

“బావూ,” అని పిలిచింది. “ఆ గ్లాసు అక్కడెట్టి, ఓపాలి ఇలా రండి. మీ సెయ్యి ఇందులో ఎట్టండి.”

బడ్డీ దగ్గరున్నవాళ్ళు ఏదో వెటకారం మొదలైందనుకుని ముందే నవ్వారు. చిట్టమ్మ వాళ్ళ వైపు చూసిన చూపుకి ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది. తిరుమలరావు గ్లాసు దించి, చొక్కా చెయ్యి మడిచి, టబ్బులో వేళ్ళు ముంచి చటుక్కున వెనక్కి లాక్కున్నాడు.

“అబ్బా. చాలా వేడమ్మా.”

చిట్టమ్మ చెంబుడు చన్నీళ్ళు పోసింది. “ఇప్పుడు?”

“ఇంకొంచెం.”

ఇంకొంచెం పోసింది. ఆయన ఈసారి చెయ్యి లోపలే ఉంచి, కాసేపు ఆగి, సరిపోయిందన్నట్టు తలూపాడు. అప్పుడు చలమయ్య బాగున్న కాలు ముందు పెట్టించి, ఆ తర్వాత దెబ్బ కాలు పెట్టించింది. ప్రతి అయిదు నిమిషాలకీ కెటిల్ ఎత్తే ముందు కాలు బయటికి తీయించి, వేడి కలిపాక ఆయన వైపు చూసేది. ఆయన చెయ్యి ముంచేవాడు, ఊఁ అనేవాడు. తాగాల్సిన టీ చల్లారిపోయింది. చిట్టమ్మ అడక్కుండానే ఇంకోటి పెట్టింది.

చలమయ్య మాత్రం పళ్ళు బిగబట్టి, కళ్ళు మూసుకుని, నోరు మెదపకుండా కూర్చున్నాడు. చిట్టమ్మ ముందు అరవకూడదని పేటలో అందరికీ తెలుసు. ఆమె వాడి మొహం వంక చూసింది. చూస్తూనే ఉంది. ఆ బిగబట్టిన దవడ చూసేకొద్దీ ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

“నోరు మూసుకుని కూకున్నావేటిరా మొద్దులాగ? మండతంటే మండతందని అరిసెయ్. పోటెడతంటే పోటెడతందని అరిసెయ్. నోరు దేనికిచ్చినాడురా దేముడు నీకు?”

చలమయ్య కళ్ళు తెరిచి, ఇదేదో కొత్త వెటకారమనుకుని, దిక్కులు చూశాడు.

పటకారుతో గ్లాసు తీస్తున్న జ్యోతిర్మయి అక్కడి నుంచే అంది. “అరిసెయ్ మావా. ఇప్పుడు అమ్మమ్మ ఏటీ అనదు.”